పరమాణువుల వెలుగు చదవడం ఎలా: డీవీడీ ముక్కతో వర్ణపటదర్శిని

పసుపు రంగు ఎల్‌ఈడీ వెలుగూ, మంటలో ఉప్పు వేస్తే వచ్చే వెలుగూ కంటికి దాదాపు ఒకే రంగు. వర్ణపటంగా, అంటే అందులోని రంగుల్ని విడదీసి వరుసగా పరిచి చూస్తే మాత్రం రెంటికీ పోలికే ఉండదు. ఎల్‌ఈడీది పదిహేను ఇరవై నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు; వెలుగు తరంగదైర్ఘ్యాన్ని దానితో కొలుస్తారు) వెడల్పున్న పట్టీ. ఉప్పుది వెంట్రుకంత గీత. పరమాణువులు, అణువులు వెలుగును ఎలా మింగుతాయో, ఎలా వదులుతాయో చెప్పే సమాచారమంతా ఈ తేడాలోనే ఉంది. గీత ఎక్కడ పడిందో చూస్తే, పరమాణువులో ఎలక్ట్రాన్లు నిలవగలిగే శక్తి మెట్ల మధ్య ఎత్తు తెలుస్తుంది. ఎంత వెడల్పుందో చూస్తే ఆ పరమాణువు ఒంటరిగా ఉందా, ఇరుగుపొరుగుతో కలిసి ఉందా అన్నది తెలుస్తుంది. ఈ రెండూ చదవడానికి అట్టపెట్టె, పాత డీవీడీ, బ్లేడు, ఫోను చాలు.

ముందుగా ఒక్క సూత్రం

ఫోటాన్ అంటే వెలుగు రేణువు. దాని శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) కావాలంటే 1240ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగించాలి. 589 నానోమీటర్ల పసుపు ఫోటాన్ శక్తి 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. 405 నానోమీటర్ల ఊదా ఫోటాన్‌ది 3.06.

హైడ్రోజన్ పరమాణువులో మెట్ల శక్తి 13.6ని మెట్టు సంఖ్య వర్గంతో భాగిస్తే వస్తుంది, ఋణ గుర్తుతో. రెండో మెట్టు మైనస్ 3.40, మూడోది మైనస్ 1.51. తేడా 1.89. 1240ని దానితో భాగిస్తే 656 నానోమీటర్లు, అంటే హైడ్రోజన్ ఎర్ర గీత. నాలుగు నుంచి రెండుకి దిగితే 486, ఐదు నుంచి రెండుకి దిగితే 434. మెట్లకు మధ్యలో నిలబడే చోటు లేదు కాబట్టే వర్ణపటంలో గీతల మధ్య చీకటి ఉంటుంది. పైకెక్కేటప్పుడూ అదే లెక్క: తేడాకు సరిగ్గా సరిపోయే ఫోటాన్‌నే పరమాణువు మింగుతుంది, మిగతావి దాన్ని దాటి వెళ్లిపోతాయి.

పెట్టె

పెట్టె ఎత్తు 5, వెడల్పు 7 సెంటీమీటర్లు ఉండేలా మందపాటి అట్టతో చేయండి. అడుగు పలక పొడవు 23 సెంటీమీటర్లు, పై పలక 17.5. రెండు పక్క పలకల్నీ ఈ కొలతలకు సరిపోయేలా ఏటవాలుగా కోస్తే, వెనక ముఖం నిలువుకు దాదాపు 48 డిగ్రీలు వాలుతుంది. ఆ వాలు ఊరికే పెట్టింది కాదు. వెలుగును రంగులుగా విడదీసేది డీవీడీ మీది సన్నటి గాళ్లే. గాడికీ గాడికీ మధ్య దూరం 740 నానోమీటర్లు. వెలుగు 47.5 డిగ్రీల కోణంలో వచ్చి పడితే 546 నానోమీటర్ల ఆకుపచ్చ సరిగ్గా నిటారుగా బయటికి వస్తుంది. ఫోను కెమెరాను ఆ ముఖానికి ఆనిస్తే ఆకుపచ్చ నడిమధ్యలో, 400 నుంచి 700 వరకు మొత్తం వర్ణపటం అటూ ఇటూ పన్నెండేసి డిగ్రీలలో ఇమిడిపోతుంది.

సీడీ కూడా పనిచేస్తుంది గానీ దాని గాళ్ల దూరం 1600 నానోమీటర్లు. రంగులు సగం కూడా విడిపోవు, పైన చెప్పిన కోణమూ కుదరదు. బ్లూ-రే డిస్కు అసలు వద్దు. గాళ్లు 320 నానోమీటర్ల దూరంలో ఉండటం వల్ల ఈ పెట్టెలో దానితో వర్ణపటం కెమెరాకు అందదు.

డీవీడీ రెండు పలుచటి బిళ్లల్ని అతికించి చేసింది, ఒక్కొక్కటి 0.6 మిల్లీమీటర్లు. రాసుకునే రకం డీవీడీ తీసుకోండి. బయటి అంచు నుంచి 2 సెంటీమీటర్ల చతురస్రాన్ని బలమైన కత్తెరతో కోసి, అంచులో గోరు దూర్చి విడదీయండి. ఊదా రంగు పూత అంటుకుని, లేబుల్ లేని సగమే మనకు కావాల్సింది. గాళ్లు దాని మీదే ఉంటాయి. వెండిపూత మిగిలి ఉంటే టేపు అంటించి లాగేయండి. ఊదా రంగు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక్క నిమిషంలో కరిగిపోతుంది. గుడ్డతో రుద్దొద్దు, గాళ్లు గీరుకుపోతాయి. ముంచి తీసి ఆరనివ్వండి. అసిటోన్ తగిలితే ప్లాస్టిక్ తెల్లబడి పాడవుతుంది.

ఏటవాలు ముఖం మధ్యలో 1 సెంటీమీటరు రంధ్రం చేసి, గాళ్లు అడ్డంగా ఉండేలా, అంటే డిస్కు అంచు వంపు ఆ ముఖం పై అంచుకు సమాంతరంగా వచ్చేలా, ముక్కను లోపలి వైపు అతికించండి. ఇక్కడ అయిదు డిగ్రీలు తప్పినా గీతలు వాలిపోతాయి. టేపుతో తాత్కాలికంగా నిలిపి, ఫోనులో చూస్తూ సరిచేసుకున్నాకే గట్టిగా అతికించడం మంచిది.

ముందు ముఖంలో చీలిక. రేజర్ బ్లేడును రెండుగా విరిచి, పదునైన అంచులు ఎదురెదురుగా, అడ్డంగా పెట్టాలి. మామూలు ప్రింటర్ కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. రెండు కాగితాల్ని మధ్యలో పెట్టి బ్లేడుల్ని వాటికి ఆనించి అతికించి, కాగితాలు లాగేస్తే 0.2 మిల్లీమీటర్ల చీలిక తయారు. పొడవు 15 మిల్లీమీటర్లు చాలు. చీలిక, రంధ్రం ఒకే ఎత్తులో ఉండాలి.

చీలిక వెడల్పే ఈ పరికరానికి ప్రాణం. 20 సెంటీమీటర్ల దూరంలో 0.2 మిల్లీమీటర్ల చీలికకు ఒక్కో గీత అర నానోమీటరు వెడల్పున కనిపిస్తుంది. 0.5 అయితే 1.25, 1 మిల్లీమీటరైతే 2.5 నానోమీటర్లు. పాదరసం పసుపు జంట 577.0, 579.1 దగ్గర ఉంటుంది. మిల్లీమీటరు చీలికతో అవి కలిసిపోతాయి. వెలుగు తక్కువగా ఉందని చీలిక వెడల్పు చేయడం అందరూ చేసే తప్పు. దానికి బదులు ఎక్స్‌పోజర్ పెంచండి.

లోపలంతా గరుకు నల్ల కాగితం. అడుగు పలకకు మరీ ముఖ్యం, కెమెరా చూసేది దాన్నే. మెరిసే నల్ల రంగు వేస్తే వెలుగు అక్కడ పరావర్తనం చెంది వర్ణపటం మీద పొగమంచులా పరుచుకుంటుంది.

ఫోకస్, ఎక్స్‌పోజర్, కొలత

ఆటో ఫోకస్ చీకట్లో తడబడుతుంది. మాన్యువల్ మోడ్‌లో ఫోకస్ 40 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య జరిపి చూడండి. చీలిక 20 సెంటీమీటర్లలోనే ఉంది కదా అన్న సందేహం న్యాయమైనదే. డీవీడీ గాళ్ల మీద వెలుగు ఏటవాలుగా పడటం వల్ల, వర్ణాలు పరుచుకునే దిశలో గీతల ప్రతిబింబం దాదాపు 44 సెంటీమీటర్ల దూరంలో ఏర్పడుతుంది. చీలిక చివరలు మాత్రం 20 దగ్గరే స్పష్టమవుతాయి. రెండూ ఒకేసారి కుదరవు. గీతల్నే నమ్ముకోండి.

ఐఎస్ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ మూడింటినీ లాక్ చేయండి. గీత మధ్యలో తెల్లగా ఉంటే సెన్సార్ నిండిపోయినట్టు. అప్పుడు గీత తనకు లేని వెడల్పు చూపిస్తుంది, రంగూ తప్పు చెబుతుంది.

కొలతకు ఆధారం సీఎఫ్‌ఎల్ (వంకీల గొట్టం ఉండే చిన్న ఫ్లోరసెంట్) దీపం. అందులో పాదరసం ఆవిరి 404.7, 435.8, 546.1 దగ్గర గీతలిస్తుంది. గాజు లోపలి పూతలో ఉన్న యూరోపియం 611.6 దగ్గర ఎర్ర గీతనిస్తుంది. ఆకుపచ్చలో ఒక ఉచ్చు ఉంది: పూతలోని టెర్బియం 542 నుంచి 544 మధ్య మరో గీత పెడుతుంది. రెండు ఆకుపచ్చల్లో ఎరుపు వైపున్నదే 546.1. ఆ రెండూ విడిగా కనబడకపోతే చీలికో, గాళ్ల వాలో, ఫోకసో తప్పిందని అర్థం.

ఫొటోను ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వర్ణపటం పొడవునా, ఊదా కొస నుంచి ఎరుపు కొస దాకా గీత గీసి ప్లాట్ ప్రొఫైల్ (ఆ గీత వెంట వెలుగు ఎంతుందో చూపే పటం) తీయండి. ఉదాహరణకు 435.8 గీత 800వ పిక్సెల్ దగ్గర, 611.6 గీత 1855 దగ్గర వచ్చాయనుకుందాం. తేడా 175.8 నానోమీటర్లకు 1055 పిక్సెళ్లు, అంటే పిక్సెల్‌కు 0.1666. 546.1 అప్పుడు 1462 దగ్గర ఉండాలి. తెలియని గీత 1721 దగ్గర పడితే 435.8కి 921 సార్లు 0.1666 కలపండి: 589.3. అది సోడియం. వర్ణపటం చివర్లలో ఈ సరళరేఖ లెక్క రెండు మూడు నానోమీటర్లు తప్పుతుంది, కాబట్టి నాలుగు గీతలు తీసుకుని వర్గ సమీకరణం అమర్చడం మేలు. ఫోను ఏ మాత్రం కదిలినా ఈ కొలత చెల్లదు. ప్రతి పరిశీలనకు ముందూ వెనకా సీఎఫ్‌ఎల్ ఫొటో తీసుకోండి.

ఒంటరి పరమాణువులు: మంట, నియాన్

గ్యాస్ మంట నీలంగా, స్థిరంగా ఉండాలి. నిక్రోమ్ తీగ కొసను వంకీగా మలిచి, తడిపి, ఉప్పులో ముంచి మంట అంచున పెట్టండి. 589 దగ్గర పసుపు గీత మెరుస్తుంది. నిజానికి అది 589.0, 589.6 జంట. ఈ పెట్టెతో జంటను విడదీయాలంటే ఒక్క కాగితం మందం చీలిక, చక్కటి ఫోకస్ కావాలి. డీవీడీ ముక్క చదునుగా లేకపోతే అప్పటికీ విడిపోదు.

మంట వేడికి సోడియం పరమాణువు ఢీకొట్లలో 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల మెట్టెక్కుతుంది. అక్కడ ఉండేది సగటున 16 నానోసెకన్లే. దిగుతూ ఫోటాన్ వదులుతుంది. మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. అందుకే చిటికెడు ఉప్పు అంతసేపు వెలుగుతుంది.

ఈ గీత పిలవని చోటకూ వస్తుంది. చెమటలో, దుమ్ములో సోడియం ఉంది. వేళ్లతో ముట్టుకున్న తీగ ఏదైనా పసుపు చూపిస్తుంది. లిథియం లవణం పెట్టినప్పుడు 670.8 ఎరుపు పక్కనే 589 కనిపిస్తే అది లిథియంది కాదు. తీగను సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, పసుపు పోయేదాకా కాల్చి శుభ్రం చేయాలి. కళ్లద్దాలు, గాలాడే గది తప్పనిసరి. పొటాషియం ముఖ్య గీతలు 766.5, 769.9 దగ్గర ఉంటాయి. ఫోను కెమెరా ముందున్న పరారుణ ఫిల్టర్ వాటిని ఆపేస్తుంది, కాబట్టి కనబడలేదని లవణాన్ని అనుమానించొద్దు.

కరెంటు టెస్టర్ స్క్రూడ్రైవర్‌లోనో స్విచ్చు సూచికలోనో ఉండే నారింజ దీపం నియాన్. 585.2 నుంచి 640.2 వరకు, ఆపైనా గీతలు బారులు తీరి ఉంటాయి. నాలుగో, అయిదో గుర్తుపట్టగలిగితే మీ కొలత బాగా కుదిరినట్టే. హైడ్రోజన్ గొట్టానికి వేల వోల్టులు కావాలి. సొంతంగా వైరింగ్ చేయకండి, ప్రయోగశాలలో అయితేనే చూడండి.

అణువులు: గీతలు కాదు, పట్టీలు

ఇప్పుడు ఉప్పు తీసేసి, అదే నీలి మంట అడుగు భాగాన్ని చూడండి. చాలామంది ఇక్కడ ఏమీ ఉండదనుకుని దాటేస్తారు. ఎక్స్‌పోజర్ కొన్ని సెకన్లకు పెంచితే 473.7, 516.5, 563.5 దగ్గర పట్టీలు కనబడతాయి. ఒక్కో పట్టీకి ఎరుపు వైపు అంచు కత్తితో కోసినట్టుంటుంది, ఊదా వైపు క్రమంగా మసకబారుతుంది. ఇవి రెండు కార్బన్ పరమాణువులు జతకట్టిన అణువువి, పేరు స్వాన్ పట్టీలు. 431 దగ్గరి నీలం, ఒక కార్బన్ ఒక హైడ్రోజన్ ఉన్న జంటది.

గీత పట్టీగా ఎందుకు మారింది? అణువుకు ఎలక్ట్రాన్ మెట్లతో పాటు కంపనాల మెట్లు, తిరుగుడు మెట్లు కూడా ఉన్నాయి. ఎలక్ట్రాన్ మెట్టు ఎత్తు ఒకటి రెండు ఎలక్ట్రాన్ వోల్టులైతే, కంపనం మెట్టు దానిలో పదో వంతు, తిరుగుడు మెట్టు వెయ్యో వంతు లేదా ఇంకా తక్కువ. ఎలక్ట్రాన్ ఒక్క మెట్టు దిగేటప్పుడే ఈ చిన్న మెట్లు కొన్ని ఎక్కుతూనో దిగుతూనో ఉంటాయి. ప్రతి కలయికకూ ఒక గీత. వందల గీతలు దగ్గరదగ్గరగా పడితే మన పెట్టెకు అది పట్టీ. బోరిక్ ఆమ్లం మంటకిచ్చే ఆకుపచ్చ కూడా ఇలాంటిదే. అది బోరాన్ పరమాణువుది కాదు, బోరాన్ డైఆక్సైడ్ అణువుది.

మింగడం చూడాలంటే

పగటి ఆకాశం వైపు చీలిక తిప్పండి. సూర్యుడి వైపు ఎప్పుడూ వద్దు, కంటికీ సెన్సార్‌కీ ప్రమాదం. తెల్ల మబ్బు శ్రేష్ఠం. ఒక్క కాగితం మందం చీలికతో 656.3, 589, 518 పరిసరాలు, 486.1 దగ్గర నల్ల గీతలు తేలతాయి. వరుసగా హైడ్రోజన్, సోడియం, మెగ్నీషియం, హైడ్రోజన్. 1814లో ఫ్రాన్‌హోఫర్ ఇలాంటివి 570కి పైగా లెక్కపెట్టాడు. అవి మూలకాల గుర్తులని కిర్కాఫ్, బున్సెన్ తేల్చడానికి ఇంకో 45 ఏళ్లు పట్టింది. 687 దగ్గర కనబడే మసక పట్టీ సూర్యుడిది కాదు, మన గాలిలోని ఆక్సిజన్ అణువుది. సూర్యుడు దిగంతానికి దగ్గరయ్యేకొద్దీ అది ముదురుతుంది, ఎందుకంటే వెలుగు ఎక్కువ గాలిని దాటి వస్తుంది.

మింగిన ఫోటాన్‌ను పరమాణువు మళ్లీ వదిలేస్తుంది కదా, మరి నలుపెందుకు? వచ్చింది ఒకే దిశ నుంచి, వదిలేది అన్ని దిశల్లోకి. మన వైపు రావాల్సిన దాంట్లో చాలా భాగం పక్కలకు పోతుంది.

ఇదే ప్రయోగాన్ని మామూలు ఫిలమెంట్ బల్బు ముందు ఉప్పు మంట పెట్టి చేయాలని చూస్తే తరచూ విఫలమవుతుంది. కారణాలు రెండు. మంట కన్నా వెనకున్న వెలుగు వేడిది కావాలి, లేకపోతే మంట వదిలేదే గెలిచి గీత ప్రకాశంగానే మిగులుతుంది. ఫిలమెంట్ 2700 కెల్విన్ ఉంటుంది కాబట్టి ఆ షరతు తీరుతుంది. కానీ నల్ల గీత మన పెట్టె విడదీయగలిగిన దానికన్నా చాలా సన్నం, అటూ ఇటూ వెలుగు దాన్ని పూడ్చేస్తుంది. దానికి బదులు పాత పసుపు సోడియం వీధి దీపాన్ని, వెలిగించిన క్షణం నుంచి గమనించండి. మొదట 589 దగ్గర సన్నటి మెరుపు గీత. మూడు నాలుగు నిమిషాల్లో పీడనం పెరిగి అది వెడల్పవుతుంది, సరిగ్గా మధ్యలో నల్లటి చార పుడుతుంది. లోపలి వేడి సోడియం వదిలినదాన్ని గోడల దగ్గరి చల్లటి సోడియం మింగుతోంది. ఉద్గారం (వదలడం), శోషణం (మింగడం), ఇరుగుపొరుగు ఒత్తిడికి గీత వెడల్పవడం, మూడూ ఒకే దీపంలో. ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

పత్రహరితం: శోషణం నుంచి ప్రతిదీప్తి దాకా

ముదురాకుపచ్చ ఆకులు 3 గ్రాములు సన్నగా తరిగి, చిటికెడు సున్నపురాయి పొడి కలిపి, 20 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నూరి వడకట్టండి. సున్నపురాయి పొడి ఎందుకంటే, ఆకు రసంలోని ఆమ్లం పత్రహరితం నడుమనున్న మెగ్నీషియాన్ని పీకేస్తుంది. ద్రావణం గోధుమ ఛాయకు తిరిగి, 505, 535 దగ్గర అసలు పత్రహరితానికి లేని పట్టీలు పుడతాయి. వెలుతురులోనూ పాడవుతుంది. చీకట్లో ఉంచి ఆ రోజే వాడేయండి. ఆల్కహాల్ ఆవిరి అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు.

సెంటీమీటరు మందం ఉన్న చదును గాజు పాత్రలో పోసి, హాలోజన్ బల్బుకూ చీలికకూ మధ్య పెట్టండి. ముందు ఉత్త ఆల్కహాల్‌తో ఒక ఫొటో, తర్వాత ద్రావణంతో ఒకటి, ఒకే ఎక్స్‌పోజర్‌లో. రెండో దాన్ని మొదటి దానితో ప్రతి పిక్సెల్ దగ్గరా భాగించాలి. ఈ భాగహారం లేకుండా చూస్తే మోసపోతారు: కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు కలిసే చోట్ల, 490, 580 పరిసరాల్లో, దానంతటదే పల్లాలుంటాయి. ఫొటోలు జేపెగ్‌లో కాకుండా రా ఫార్మాట్‌లో తీయండి, జేపెగ్‌లో విలువలు వెలుగుకు అనులోమంగా ఉండవు. బల్బుకు బదులు తెల్ల ఎల్‌ఈడీ వాడొద్దు. అది 450 దగ్గరి నీలి శిఖరం, దాని పక్కన 480 దగ్గర లోయ, ఆపై వెడల్పాటి పసుపు. మనకు కావాల్సిన ఎరుపు కొసలో వెలుగే తక్కువ.

430, 663 చుట్టూ రెండు గట్టి పట్టీలు రావాలి. నీలం మొత్తం, ఎరుపు మొత్తం నల్లగా పోతే ద్రావణం చిక్కగా ఉన్నట్టు. పట్టీ మధ్యలో పదో వంతు నుంచి సగం వరకు వెలుగు దాటేలా ఆల్కహాల్ కలిపి పలుచన చేయండి.

ఇప్పుడు గది చీకటి చేసి, 405 నానోమీటర్ల ఊదా టార్చిని పాత్ర మీద పక్క నుంచి వేయండి. చీలిక దానికి లంబంగా ఉండాలి, టార్చి వెలుగు నేరుగా దూరకూడదు. టార్చి వైపు కళ్లు పెట్టొద్దు. ఆకుపచ్చ ద్రావణం రక్తంలా ఎర్రగా వెలుగుతుంది. మింగిన వెలుగును ఇలా వేరే రంగులో వదలడమే ప్రతిదీప్తి. పట్టీ 670 దగ్గర. ఇప్పుడు 450 నీలి ఎల్‌ఈడీతో వేయండి. పట్టీ అక్కడే. ఏ మెట్టుకెక్కించినా అణువు పికోసెకన్లలో వేడి వదిలేస్తూ ఎలక్ట్రాన్ మొదటి ఉత్తేజిత మెట్టు అడుక్కి జారుతుంది. వెలుగు వదిలేది అక్కడి నుంచే. 3.06 ఇస్తే 1.85 తిరిగొచ్చింది. మిగతా 1.21 ఎలక్ట్రాన్ వోల్టులు ఆల్కహాల్‌ను వెచ్చబరిచాయి. చిక్కటి ద్రావణంలో పట్టీ ఇంకాస్త ఎరుపు వైపు జరిగినట్టుంటే కంగారు వద్దు. వదిలిన వెలుగులో పొట్టి తరంగాల్ని పక్క అణువులు మళ్లీ మింగేస్తున్నాయి.

చీకట్లో మెరిసే స్టిక్కరుతో ఒక చిన్న పరీక్ష మిగిలింది. సగం మీద ఎర్ర ఎల్‌ఈడీని అయిదు నిమిషాలు, ఇంకో సగం మీద ఊదా టార్చిని అయిదు సెకన్లు వేయండి. ముందే స్టిక్కరును చీకట్లో కొన్ని గంటలుంచి పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే పాత మెరుపు ఫలితాన్ని చెడగొడుతుంది. ఎర్ర సగం మెరవదు. ఎన్ని ఎర్ర ఫోటాన్లు వేసినా ఒక్కో దాని శక్తి 2 ఎలక్ట్రాన్ వోల్టులకు లోపే, మెట్టు అంతకంటే ఎత్తు. ఊదా సగం నిమిషాల తరబడి ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంటుంది, దాని పట్టీ 520 చుట్టూ కనిపిస్తుంది. వెలుగు చాలా తక్కువ కాబట్టి దీనికి మాత్రం చీలిక అర మిల్లీమీటరుకు పెంచి, ఎక్స్‌పోజర్ పది సెకన్లకు పైగా ఇవ్వండి. పట్టీయే వెడల్పు కాబట్టి ఇక్కడ చీలిక వెడల్పుతో నష్టం లేదు.